తాజ్‌మహల్‌ని ఎలా చూస్తే మనసుకి తాకుతుంది?

కృష్ణలంక, విజయవాడ:
డిసెంబరు చివర్లో అమ్మానాన్నలతో ఆగ్రా వెళ్తున్నాం. తాజ్ చూసి కళ్లు చెమర్చాయనేవాళ్లున్నారు, ‘క్యాలెండర్లో ఉన్నట్టే ఉంది’ అని తిరిగొచ్చేవాళ్లూ ఉన్నారు. ఈ తేడా ఎక్కడొస్తుంది? ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ ఆగాలి? అమ్మకి మోకాళ్ల నొప్పులు.

బ్రాడీపేట, గుంటూరు:
తోటకి ముందుండే ఎర్రరాతి పెద్ద దర్వాజా దగ్గరే ఆ తేడా వస్తుందండీ. తూర్పు గేటైనా పడమర గేటైనా ముందు చేరేది బయటి ఆవరణకే. దర్వాజాలోకి వచ్చాక చీకటి కమానులో తెల్లటి గుమ్మటం నిండుగా కనబడుతుంది. ముందుకి నడిచేకొద్దీ కమాను చట్టం కళ్లముందు నుంచి తప్పుకుంటుంది కాబట్టి సమాధి వెనక్కి జరిగి చిన్నదైనట్టు ఉంటుంది. వెనక్కి అడుగేస్తే మళ్లీ మీదికొస్తుంది. చాలామంది సరిగ్గా అక్కడే ఫోన్ పైకెత్తి, జనంతోపాటు ముందుకి కొట్టుకుపోతారు. ఫోన్ జేబులో పెట్టి, కమాను నడిమధ్యన నిలబడి, నాలుగడుగులు ముందుకీ వెనక్కీ వేయండి.

తోట పొడవు దాదాపు 300 మీటర్లు. సగం దూరంలో పాలరాతి తొట్టి ఉంటుంది, అమ్మగారిని అక్కడ కాసేపు కూర్చోబెట్టండి.

మనసు నిజంగా కలుక్కుమనేది లోపల. గుమ్మటం కింద సరిగ్గా నడిమధ్యన ఉన్నది ముంతాజ్ సమాధి. 1666లో పోయిన షాజహాన్‌ది పడమర పక్కన, కాస్త పెద్దది. అన్నీ అటూ ఇటూ సరితూగే ఆ కట్టడంలో లెక్క తప్పింది అదొక్కటే. సమాధుల చుట్టూ ఉన్న పాలరాతి జాలీకి (చిల్లుల తెరకి) దక్షిణం వైపు ఆగి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. ఇలా పైన కనబడేవి గుర్తుగా పెట్టినవే, అసలు సమాధులు కింది గదిలో ఉన్నాయి, అక్కడికి మామూలుగా పోనివ్వరు. గుమ్మటం కింద ప్రతి శబ్దమూ చాలాసేపు మోగుతుంది, దయచేసి అరిచి చూడొద్దు.

సత్యనారాయణపురం, విజయవాడ:
డిసెంబరు అంటున్నారు, అదే ఇబ్బంది. పొగమంచు దట్టంగా పడితే దర్వాజా నుంచి గుమ్మటమే కనపడదు, రైళ్లు గంటలకొద్దీ ఆలస్యం. జీటీ, తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లు నేరుగా ఆగ్రా కంటోన్మెంటుకి వెళ్తాయి. ఇంచుమించు ఒక రోజు ప్రయాణం, పైన ఇంకో రోజు చేతిలో ఉంచుకోండి. వీలైతే ఫిబ్రవరికి మార్చుకోవడమే మేలు. డిసెంబరే అయితే తెల్లవారుజామున కాకుండా ఎండ వచ్చాక పది, పదకొండుకి వెళ్లండి. శుక్రవారం సెలవు. టికెట్ 50, సమాధి మందిరానికి ఇంకో 200, వెళ్లేముందు ధర ఒకసారి సరిచూసుకోండి. ఆ 200 మిగిల్చుకుంటే పై వారు చెప్పింది చూడలేరు. గేటు దాకా బ్యాటరీ బండ్లున్నాయి, తాజ్ ఉన్న అరుగు మీదికి మాత్రం మెట్లెక్కాలి.

కొత్తపేట, గుంటూరు:
ఎదుట నుంచి చూడటం సగమే అంటాను. మన అమరావతి స్తూపానికి నాలుగు దిక్కులా ఆయక వేదికలు, అంటే ముందుకి పొడుచుకొచ్చిన అరుగులు, ఒక్కోదానికి ఐదేసి స్తంభాలు ఉండేవి. ప్రదక్షిణ చేస్తేనే ఆ పొందిక ఒంటికెక్కేది. తాజ్ అరుగు మీద కూడా చుట్టూ నడవండి. పడమర మసీదు, దానికి జోడీగా తూర్పున అచ్చం అలాంటి కట్టడం, వెనక యమున. మినార్లు కొద్దిగా బయటికి వాలి ఉన్నాయి, ఒక పక్కనుంచి చూస్తే పట్టుబడుతుంది. కమాను చుట్టూ ఉన్న అక్షరాలు పైకి పోయేకొద్దీ పెద్దవి చేశారు, అందుకే కిందనుంచి అన్నీ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. అమ్మగారు మెట్లెక్కలేకపోతే సాయంత్రం నది అవతల మెహతాబ్ బాగ్‌కి తీసుకెళ్లండి. సరిగ్గా తాజ్‌కి ఎదురుగానే ఉంటుంది, జనమూ తక్కువ.