చారిత్రక సీరియల్స్‌లో చిత్రహింసలు అంత పచ్చిగా చూపించాలా?

సోషల్_టీచర్_గుంటూరు
మా అబ్బాయి తొమ్మిదో తరగతి. మొన్న రాత్రి పదకొండు దాటినా వాడి గదిలో లైటు వెలుగుతుంటే వెళ్ళి చూశాను. ఫోన్లో 'వైకింగ్స్' సీరియల్ రెండో సీజన్ చూస్తున్నాడు, వెయ్యేళ్ళ కిందటి ఉత్తర యూరప్ సముద్ర యోధుల కథ, 2014లో వచ్చింది. అందులో జార్ల్ బోర్గ్ అనే అతన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, వీపు చీల్చి, పక్కటెముకల్ని వెన్ను దగ్గర నరికి, ఊపిరితిత్తులు బయటికి లాగి భుజాల మీద రెక్కల్లా వేస్తారు. బ్లడ్ ఈగల్ అంటారట, నెత్తుటి గద్ద. ఊరు ఊరంతా చుట్టూ నిలబడి చూస్తూ ఉంటుంది. "అమ్మా, నిజంగా ఇలా చేసేవాళ్ళా?" అన్నాడు.

ఇరవై ఏళ్ళుగా సోషల్ చెప్తున్నాను, వాడికి ఏం చెప్పాలో తోచలేదు. 1857 తిరుగుబాటు పాఠంలో సిపాయిల్ని ఫిరంగి గొట్టాలకు కట్టి పేల్చారని ఒక్క వాక్యం చెప్తాను. పిల్లలు రాసుకుని పేజీ తిప్పేస్తారు. ఇంతవరకూ ఒక్కరూ "నిజంగానా?" అని అడగలేదు. ఇది చూసి మాత్రం అడిగాడు. ఇలాంటివి నిజంగా జరిగాయా? జరిగినా ఇంత పచ్చిగా చూపించాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కోనసీమ_కొబ్బరి
ముందు పిల్లల చేతికి ఫోన్ ఇవ్వడం మానండి మేడం. సగం సమస్య అక్కడే తీరుతుంది.

మూర్తి_మాల్మో
టీచర్ గారూ, నేను పన్నెండేళ్ళుగా స్వీడన్‌లో ఉంటున్నాను, ఈ విషయం మీద చాలా చదివాను. మీ అబ్బాయికి "అలా జరిగిందని ఎవరూ గట్టిగా చెప్పలేరు" అని చెప్పండి, అదే సరైన జవాబు.

ఈ శిక్ష పడిందని చెప్పేవాళ్ళలో ముఖ్యుడు ఉత్తర ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా రాజు ఎల్లా. 867లో యార్క్ దగ్గర చనిపోయాడు. ఇంగ్లండ్‌లో ఆ కాలానికి దగ్గరగా రాసిన చరిత్రలో అతను అక్కడి పోరులో చనిపోయాడనే ఉంది తప్ప, గద్ద మాటే లేదు. ఆ తర్వాత సుమారు నూట అరవై ఏళ్ళకు ఒక ఆస్థాన కవి పద్యంలో "ఐవర్ (వైకింగ్ నాయకుడు) ఎల్లా వీపు మీద గద్దను చెక్కించాడు" అన్న అర్థంలో ఒక్క ముక్క వస్తుంది. ఊపిరితిత్తులు, పక్కటెముకలు అన్నీ ఇంకా తర్వాత క్రైస్తవులు రాసిన కథల్లో చేరాయి. 1984లో రాబర్టా ఫ్రాంక్ అనే పండితురాలు ఆ పద్యాన్నే తప్పుగా చదివారని వాదించింది. యుద్ధభూమిలో శవం మీద గద్ద వాలి వీపు గీరిందని చెప్పడం ఆ కవుల అలవాటు, దాన్ని శిక్ష అనుకున్నారని.

2022లో మాత్రం శరీర శాస్త్రం తెలిసినవాళ్ళూ ఒక చరిత్రకారుడూ కలిసి, ఆనాటి పనిముట్లతో అలా చేయడం సాధ్యమే అని రాశారు. కానీ మనిషి మధ్యలోనే చనిపోతాడట, నెత్తురు పోయో ఊపిరి ఆడకో. సీరియల్లో బోర్గ్ చివరిదాకా కళ్ళు తెరుచుకునే ఉంటాడు చూడండి, అది పూర్తిగా అబద్ధం.

ఓరుగల్లు_బిడ్డ
మూర్తి గారూ, ఊపిరితిత్తుల సంగతి పక్కన పెట్టండి. రాజులు, దొరలు, సైన్యాలు మనుషుల్ని హింసించలేదా? హింసించారు. మరి చూపిస్తే తప్పేంటి? చూపించకపోతే పదేళ్ళకి "అబ్బే, అంత జరగలేదు" అంటారు. ఇది నేను ఊరికే అనడం లేదు.

మూర్తి_మాల్మో
తప్పు అనలేదు అన్నా. జరగనిదాన్ని జరిగినట్టు చూపిస్తే, రేపు జరిగినదాన్ని కూడా ఎవరూ నమ్మరు. కాగితం మీద ఉన్న క్రూరత్వం కావాలంటే ఇంగ్లండ్‌లోనే ఉంది. 1531లో రిచర్డ్ రూస్ అనే వంటవాడు బిషప్ ఇంటి గంజిలో విషం కలిపాడని నేరం మోపారు, ఇద్దరు చనిపోయారు. ఎనిమిదో హెన్రీ అతని కోసమే పార్లమెంటులో కొత్త చట్టం చేయించి, విచారణ లేకుండా లండన్ స్మిత్‌ఫీల్డ్‌లో బతికుండగా ఉడకబెట్టించాడు. 'ది ట్యూడర్స్' సీరియల్లో 2008లో ఈ సీను తీశారు. అది జరిగింది. గద్ద జరిగిందో లేదో తెలీదు. రెంటినీ ఒకే గాటన కట్టడమే నా అభ్యంతరం.

నైట్‌షిఫ్ట్_నాని
భోంచేస్తూ చదివాను. తప్పయింది.

ఓరుగల్లు_బిడ్డ
మళ్ళీ అదే. మీకు గద్ద దొరికింది, దాన్నే పట్టుకుని వేలాడుతున్నారు. నేను అడిగేది ఒక్కటే: చూపించాలా వద్దా?

కృష్ణానగర్_మేకప్
నేను సీరియల్స్‌కీ ఓటీటీకీ గాయాల మేకప్ చేస్తాను, పద్దెనిమిదేళ్ళ సర్వీసు. చూపించాలా వద్దా అనేది పెద్దవాళ్ళు తేల్చుకోండి. ఎలా చూపిస్తారో నేను చెప్తాను.

కొరడా దెబ్బల సీను అనుకోండి. ఆర్టిస్టు వీపు అచ్చు తీసి, సిలికాన్‌తో తోలు పోసి, గాయాలు అందులో ముందే చేసి పెడతాం. అంటించడానికే మూడు గంటలు. నిజంగా కొరడా పడితే ముందు చర్మం కమిలి, తాడులా ఉబ్బుతుంది. నెత్తురు వెంటనే రాదు. అదే చోట మళ్ళీ మళ్ళీ పడితే చిట్లుతుంది. నేను అలాగే చేసి పెడితే మానిటర్ దగ్గర నుంచి "బ్లడ్ ఏది?" అని కేక వస్తుంది. మొదటి దెబ్బకే చిమ్మాలి. ఆరిన నెత్తురు నల్లగా, గోధుమ రంగులో ఉంటుంది. అది కెమెరాకు మురికిలా కనబడుతుందని మళ్ళీ గ్లిజరిన్‌లో ఎర్ర రంగు కలిపి పూస్తాం. దెబ్బలు తిన్న మనిషి మూడో రోజు ఎలా ఉంటాడో చెయ్యమని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మూడో రోజుకి కథ ముందుకెళ్ళిపోయి ఉంటుంది.

ఒక చారిత్రక సీరియల్‌కి ఆరు నెలలు ఇలా పనిచేసి మూడు నెలల డబ్బు పోగొట్టుకున్నాను. నెత్తురు బకెట్ల లెక్కన కొన్నారు, నా రోజువారీ కూలి దగ్గర మాత్రం బడ్జెట్ లేదన్నారు. ఇది చరిత్ర మీద ప్రేమతో చేసే పని అంటే నేను నమ్మను.

బెజవాడ_బుల్లోడు
మేకప్ అన్న చెప్పింది పాయింట్.

పాత_కాగితాలు
మనవాళ్ళ సంగతి ఒకటి చెప్తాను. 1855లో మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల మీద ఒక కమిషన్ రిపోర్టు ఇచ్చింది. గాజుల లక్ష్మీనరసు శెట్టి గారు అంతకు రెండేళ్ళ ముందు డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుణ్ణి పల్లెలకు తీసుకెళ్ళి రైతుల అవస్థలు చూపించారు, ఆయన లండన్‌లో లేవనెత్తారు. ముగ్గురు సభ్యుల కమిషన్‌కి 1,959 ఫిర్యాదులు వచ్చాయి. 1,440 మంది స్వయంగా వచ్చి చెప్పుకున్నారు, కొందరు వందల మైళ్ళు దాటి వచ్చారు.

ఎక్కువగా వాడినవి రెండు పద్ధతులు, వాటి తెలుగు పేర్లు కూడా ఆ రిపోర్టులో ఉన్నాయి. ఒకటి చిరత. ఇంగ్లీషు అక్షరాల్లో పడ్డ ఆ మాట మన భజన చిరతలే అని నా నమ్మకం. రెండు కర్రల్ని ఒక చివర కట్టి, మధ్యలో వేళ్ళు పెట్టి నిమ్మకాయ పిండినట్టు నొక్కడం. రెండోది జింగేరి. మనిషిని ముందుకు వంచి, అతని పైబట్టతోనో కొబ్బరి తాడుతోనో మెడకూ కాలి వేళ్ళకూ కలిపి కట్టి, ఎండలో వదిలేయడం. కదలకూడదు. ఒక్కోసారి వీపు మీద రాయి పెడతారు, లేదా బంట్రోతు ఎక్కి కూర్చుంటాడు.

ఎందుకు? శిస్తు బాకీకి. చాలాసార్లు కొద్ది రూపాయలకి. ఇందులో నెత్తురు చుక్క ఉండదు. కత్తి లేదు, దివిటీలు లేవు. ఒక తాలూకా కచేరీ ముందు మట్టి నేల, వంగి నిలబడ్డ రైతు, నీడలో కూర్చుని లెక్కలు రాసుకునే గుమాస్తా. ఏ సీరియల్ తీస్తుంది దీన్ని? మన కళ్ళకు క్రూరత్వం అంటే చీల్చడం, నరకడం అని అలవాటు చేశారు. అందుకే అలా లేనిది మనకు క్రూరత్వంలా కనబడదు.

సోషల్_టీచర్_గుంటూరు
ఇది నాకు కొత్త విషయం సర్. మా పాఠంలో రైత్వారీ పద్ధతి ఉంటుంది, మన్రో పేరు ఉంటుంది, శిస్తు ఎక్కువ ఉండేదని ఉంటుంది. జింగేరి లేదు.

ఓరుగల్లు_బిడ్డ
పాత కాగితాలు గారూ, ఆ కమిషన్‌లో ఎవరున్నారు? తెల్లవాళ్ళు. ఎవరి మీద తోశారు? తహశీల్దార్లు, బంట్రోతులు, నేటివ్ పోలీసులు. దొరగారికి ఏమీ తెలియదట! ఆ కాగితం పట్టుకొచ్చి మనవాళ్ళే మనవాళ్ళని పీడించారని చెప్పడానికా ఇంత శ్రమ?

పాత_కాగితాలు
నేను తెల్లవాళ్ళని వెనకేసుకొచ్చానని ఎక్కడ రాశాను? శిస్తు ఎవరికి పోయిందో నాకూ తెలుసు. కానీ తాడు కట్టిన చెయ్యి మన ఊరి చెయ్యే. చెప్పుకోవడానికి మద్రాసు దాకా నడిచినవాడూ మన ఊరివాడే. ఈ రెండూ నిజం. మీకు కావలసింది ఒక రాక్షసుడు, అతను పరాయివాడై ఉండాలి. అప్పుడే మీకు హింస చూడ్డానికి బాగుంటుంది.

ఓరుగల్లు_బిడ్డ
చూడ్డానికి బాగుంటుందా? మాటలు జాగ్రత్త. మీకు రిపోర్టు దొరికింది, వచ్చి చెప్పుకున్న 1,440 మంది దొరికారు. మా ఇంట్లో కాగితం లేదు. మా నాయనమ్మను పదహారేళ్ళ వయసులో గడీలో కట్టేసి కొట్టారు. వెట్టికి రానందుకు. ఆ రోజు ఆమెకు జ్వరం. కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది 1946 జులై 4న, దానికి అటూ ఇటూగానే ఇది జరిగింది. కొట్టించినవాడు తురకోడూ కాదు, తెల్లోడూ కాదు. మా ఊరి దొర, మా భాషే మాట్లాడేవాడు. పరాయి రాక్షసుడు కావాలని నాకు చెప్తారా?

పోయినేడు ఒక పెళ్ళిలో, చదువుకున్నవాడే, నా పక్కన కూర్చుని "దొరలు పండగలకు బట్టలు పెట్టేవాళ్ళు, బాగానే చూసుకునేవాళ్ళు, కథలు అల్లారు" అన్నాడు. ఆ విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. అతనికి ఏం చూపించాలి నేను? కొమరయ్య పేరు పుస్తకంలో ఒక లైను. నాయనమ్మ పేరు అదీ లేదు. అందుకే చూపించాలంటున్నాను. వీపు చిట్లేది, అరిచేది, అంతా.

మాడరేటర్
వ్యక్తిగతంగా వెళ్ళకండి. ఇద్దరూ కాసేపు ఆగి రాయండి.

పాత_కాగితాలు
క్షమించండి తమ్ముడూ. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సోషల్_టీచర్_గుంటూరు
ఒక విషయం మొదట రాయలేదు, సిగ్గేసి. మా అబ్బాయి ఆ సీను ఒక్కసారి చూడలేదు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తుండగానే వెనక్కి జరిపి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత అడిగితే నాలుగోసారి అన్నాడు. "ఎందుకురా?" అంటే, "అతను ఒక్కసారి కూడా అరవలేదమ్మా, అరిస్తే స్వర్గానికి పోడు, గ్రేట్ కదా" అన్నాడు. ఆ సీను వాడికి నేర్పింది అది. నొప్పి కనబడలేదు వాడికి, ఓర్చుకున్నవాడు హీరో అని కనబడింది. మరి అరిచినవాళ్ళ మాటేంటి? ఓరుగల్లు తమ్ముడు "అరిచేది" అని రాశాడు చూడండి, అప్పుడు నాకు అర్థమైంది నన్ను నిద్ర పోనివ్వనిది ఏంటో.

మూర్తి_మాల్మో
అది కూడా చరిత్ర కాదు టీచర్ గారూ. అరవకపోతే వల్హల్లా, అంటే వైకింగ్‌ల వీరస్వర్గం, దొరుకుతుందనే షరతు సీరియల్ వాళ్ళ కల్పన. ముందే చెప్పాల్సింది.

కృష్ణానగర్_మేకప్
సౌండ్ గురించి ఒక మాట. అరుపు ఎక్కువసేపు ఉంచరు, జనం చానల్ మార్చేస్తారని. నాలుగు సెకన్లు అరుపు, తర్వాత మ్యూజిక్ ఎత్తుకుంటుంది. గాయం మాత్రం ఎంతసేపైనా ఉంటుంది.

సోషల్_టీచర్_గుంటూరు
ఓరుగల్లు తమ్ముడూ, తప్పుగా అనుకోకు. మీ నాయనమ్మ ఆ మచ్చలు మీకు ఎప్పుడైనా చూపించారా?

ఓరుగల్లు_బిడ్డ
లేదు. నేను చూడనే లేదు. మా అమ్మ చూసింది, చివరి రెండేళ్ళు ఆమెకు స్నానం చేయించింది కాబట్టి. అప్పుడు కూడా తలుపు వేసుకునే. మేము మనవళ్ళం అడిగితే "ముసలిదాని వీపులో ఏముంది" అని తిట్టేది.

నైట్‌షిఫ్ట్_నాని
అన్నా, చదువుతుంటే గొంతు పట్టేసింది.

ఓరుగల్లు_బిడ్డ
ఇప్పుడే అమ్మకు ఫోన్ చేశాను. నాకు తెలియని సంగతి చెప్పింది. నేను పుట్టకముందు, పోరాటం గురించి రాసుకోవడానికి ఒకాయన ఊరికి వచ్చాడట. వాకిట్లో కూర్చుని అందరినీ అడుగుతుంటే నాయనమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. ఆయన లేచి వెళ్ళబోతుంటే లోపలికి పిలిచి, అమ్మను పక్కన నిలబెట్టుకుని, అటు తిరిగి జాకెట్టు పైకి ఎత్తి, "లెక్కపెట్టి రాసుకో" అందట. ఆయన చెయ్యి వణికి కలం కింద పడిందట. రాసుకున్నాడట కూడా. ఆ రాసింది ఎక్కడైనా అచ్చయిందా అంటే అమ్మకు తెలియదు.