ఒంటిపూట బడుల్లో వీడ్కోలు సభ, వార్షికోత్సవం: ఎండకు ఏమేం సిద్ధం చేసుకోవాల?

రేణిగుంట_హెచ్ఎం
ఆరు నుంచి పది దాకా 320 మంది పిల్లలుండే హైస్కూలు. ఒంటిపూట బడి 7:45 నుంచి 12:30. పదో తరగతి వీడ్కోలు పబ్లిక్ పరీక్షలకు ముందు, వార్షికోత్సవం ఎస్ఏ-2 (సంవత్సరం చివరి పరీక్షలు) అయిపోయినాక ఏప్రిల్ మూడో వారంలో. ఆవరణలో ఒక వేపచెట్టు, ఒక రేకుల షెడ్డు, మిగతాదంతా సిమెంటు. 'తగు జాగ్రత్తలు తీసుకోవలెను' అని సర్క్యులర్‌లోనే ఉంది, అది మళ్లీ చెప్పద్దు. ఎన్ని క్యాన్లు, ఎన్ని గంటలకు, ఎంత ఉప్పు, అట్ట చెప్పండి.

పీఈటీ_చంద్రగిరి
ముందు టైము తేల్చుకోండి సార్. పిల్లలు 6:45కి కూర్చోవాల, 7కు మొదలు, 9:30కి ముగింపు. ప్రైజులు, డాన్సులు ముందు పెట్టి, అతిథి ఎప్పుడొస్తే అప్పుడు ఆయన మాట. అతిథి వచ్చినాకే జ్యోతి వెలిగిస్తాం అని కూర్చుంటే ఏడు కాస్తా తొమ్మిదవుతాది.

పిల్లోళ్లు పడిపోయేది డాన్సు చేస్తా కాదు, స్వాగతం వరుసలో కదలకుండా నిలబడి. కదలకుంటే రక్తం కాళ్లలో నిలిచిపోతాది, తలకు చాలదు. దానికి తోడు పొద్దున ఏమీ తినకుండా వచ్చుంటారు. గౌరవ వందనం పది నిమిషాలకు మించద్దు. నిలబడినంత సేపూ మడమలు ఎత్తి దించుతా ఉండమనండి, మోకాళ్లు బిగబట్టనీకండి. టై, బెల్టు ఆ రోజుకు తీసేయమనండి.

పలమనేరు_సోషల్
పొద్దున కంటే సాయంత్రమే మేలు. 5:30కి మొదలుపెడితే చల్లగాలి, తల్లిదండ్రులు కూడా పనులు ముగించుకొని వస్తారు.

పీఈటీ_చంద్రగిరి
అన్నా, మొగిలి ఘాటు పైనుండే మీ లెక్క మాకు పనికిరాదు. మీది దాదాపు 700 మీటర్ల ఎత్తు. తిరుపతిలో కొండ రాయి, సిమెంటు నేల పగలంతా తాగిన వేడి రాత్రి ఎనిమిది దాకా కక్కుతానే ఉంటాయి. పైగా పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకు తొమ్మిది తర్వాత బస్సుండదు.

చిత్తూరు_షామియానా_సౌండు
సాయంత్రమే పెట్టాల్సి వస్తే నేలమీద నీళ్లు రెండు తడవలు చల్లాల. 4 గంటలకు ఒకసారి, 5కు ఇంకోసారి. జనం కూర్చునే ముందర చల్లితే ఆవిరి లేచి ఉక్క పోస్తాది. సిమెంటుకే ఇది. మట్టి నేల అయితే ఒక్కసారి చాలు. వైర్లు పరిచినాక మటుకు నీళ్లు చల్లనేకూడదు.

షామియానా ఎత్తు పన్నెండు అడుగులకు తగ్గద్దు. మామూలుగా ఎనిమిది తొమ్మిది అడుగులకే కట్టేసి చుట్టూ సైడు గుడ్డలు దించేస్తారు, అందంగా ఉంటాదని. లోపల కూర్చున్నోళ్ల వేడి ఎటూ పోలేక పైన కట్టుకుంటాది. రెండు ఎదురెదురు పక్కలు తెరిచి పెట్టండి. ప్లాస్టిక్ టార్పాలిన్ కంటే గుడ్డ మేలు, గుడ్డ కంటే కొబ్బరి మట్టల పందిరి మేలు. మట్టలకు నిప్పు భయం ఉంది కాబట్టి వంట, టపాసులు, జనరేటరు దూరంగా.

సిమెంటులో మేకులు దిగవు. రెండొందల లీటర్ల డ్రమ్ములు నీళ్లతో నింపి వాటికి తాళ్లు కట్టండి. ఏప్రిల్ సాయంత్రం మామిడి వాన ముందర వచ్చే గాలి ఇసక మూటలను కూడా ఈడ్చుకపోతాది.

ఆంప్లిఫయర్ ఎండలో పెడితే అరగంటకు వేడెక్కి తనంతట తానే ఆగిపోతాది. చెడిపోయిందని మార్చేస్తారు, చెడిపోయిండదు. నీడలో, చుట్టూ అరడుగు ఖాళీ వదిలి పెడితే సరి. స్టాండు ఫ్యాన్లు మెల్లగా తిరిగేది కూడా ఫ్యాన్ల తప్పు కాదు, సన్న వైరు చాలా దూరం లాగినందుకు. ఎక్కువ దూరమైతే 2.5 చదరపు మి.మీ. వైరు అడగండి.

సైన్సు_టీచరు_పాకాల
వేపచెట్టు మాట చెప్పినారు కాబట్టి ఒకటి. మామిడి వాన అంటే పిడుగులు కూడా. గాలి మారి ఉరుము వినబడితే పిల్లలను చెట్టు కింద చేరనీకుండా గదుల్లోకి పంపండి. పిడుగుల హెచ్చరికకు 'దామిని' యాప్ ఉంది, ఒకరి ఫోనులో ఉంటే చాలు.

ఇక నీళ్లు. ఐదు గంటల బడికి మనిషికి లీటరు లెక్కేస్తే 320 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 16. వార్షికోత్సవం రోజు తల్లిదండ్రులతో కలిపి దానికి రెండింతలు. మేడమీది నల్ల ట్యాంకు నీళ్లు పది దాటితే చేతికే కాలతాయి, పిల్లలు తాగరు. ట్యాంకు మీద తడి గోనెసంచులు కప్పండి, ఎండినప్పుడంతా తడపండి. పైపు కూడా ఎండలో పరిచుంటాది, మొదటి బకెట్టు మొక్కలకు పోయండి.

మట్టి కుండలు మన వైపు బాగా పనిచేస్తాయి, గాలి పొడిగా ఉంటాది కాబట్టి. కొత్త కుండ ఒక పగలూ రాత్రీ నీళ్లలో నానబెట్టాల. లోపల సబ్బు పెట్టద్దు, కొబ్బరి పీచుతో తోమితే చాలు. సబ్బు ఆ సన్న రంధ్రాల్లో చేరితే వాసనా పోదు, చల్లదనమూ రాదు. తడి ఇసక మీద, గాలి ఆడేచోట పెట్టండి. కొళాయి ఉన్న కుండ అయితే చెంబు ముంచే గొడవుండదు.

ట్యాంకు శుద్ధికి బ్లీచింగ్ పొడి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. బకెట్టులో కలిపి పది నిమిషాలు తేరనిచ్చి, పై తేట మాత్రం ట్యాంకులో పోసి, గంట తర్వాత వాడాల. పొడి మంచిదైతేనే ఈ లెక్క. మూట విప్పి రేకుల షెడ్డులో పెట్టిన పొడి వేడికి సత్తువ పోగొట్టుకుంటాది, ముక్కుకు ఘాటు తగలకుంటే అది వట్టి సున్నమే.

లెక్కల_టీచరమ్మ
నీళ్లు తాగమని వాటర్ బెల్ మూడుసార్లు కొట్టినా ఆడపిల్లలు తాగరు సార్. కారణం నీళ్లు కాదు, టాయిలెట్టు. మీకు 170 మంది ఆడపిల్లలు, నాలుగు టాయిలెట్లు అనుకోండి. ఒక్కొక్కరికి నిమిషంన్నర పెట్టినా పది నిమిషాల్లో 26 మందే పోయొస్తారు. మిగతా పిల్లలు ఎందుకొచ్చిన గొడవ అని పొద్దున్నుంచే గుక్కెడు కూడా తాగరు. మధ్యాహ్నానికి తలనొప్పి, ఒంటేలు మంట.

అందుకే బెల్లు అందరికీ ఒకేసారి వద్దు. తరగతికి 34 మంది వంతున 13 నిమిషాలు పడతాది, కాబట్టి ఐదు తరగతులకూ వేర్వేరు టైములు వేసి గోడకు అంటించండి. టాయిలెట్ల దగ్గర రెండు డ్రమ్ముల నీళ్లు పొద్దున్నే నింపి ఉండాల, మోటరు కరెంటును నమ్ముకోవద్దు. గడియ సరిగ్గా పడాల, లోపల చెత్తబుట్ట ఉండాల. ఈ మూడూ జరిగినాక చూడండి, క్యాన్లు వాటంతటవే ఖాళీ అవుతాయి.

రేణిగుంట_హెచ్ఎం
టీచరమ్మా, ఇది ఇన్నాళ్లూ మా ఎవరికీ తట్టలేదు. ఉండేది నాలుగు కూడా కాదు, మూడే.

లెక్కల_టీచరమ్మ
అయితే తరగతికి 17 నిమిషాలు. స్టాఫ్ టాయిలెట్టు ఈ నెలన్నర పిల్లలకు తెరవండి సార్, 13కు దిగుతాది.

వంట_ఏజెన్సీ_అక్క
మజ్జిగ లెక్క నేను చెప్తా. మనిషికి ఒక గ్లాసు, అంటే 200 మి.లీ. అయ్యోర్లతో కలిపి 70 లీటర్లు పెట్టుకోండి. పెరుగు 14 లీటర్లు, నీళ్లు 56, ఉప్పు 200 గ్రాములు. అల్లం, పచ్చిమిరప దంచి గుడ్డలో మూటగట్టి వేస్తే పిల్లోళ్ల నోటికి తునకలు తగలవు. కరేపాకు, కొత్తిమీర, చిటికెడు ఇంగువ. ఇచ్చే అరగంట ముందు కలపాల. పొద్దున ఆరుకు కలిపి పెడితే తొమ్మిదికంతా పులిసిపోతాది, ఆ పులుపుకు సగం మంది పారబోస్తారు.

ఐసు మజ్జిగలో వెయ్యద్దండి! బజార్లో దొరికే పెద్ద దిమ్మలు చేపలకు వాడేవి, తాగే నీళ్లతో చేసినవి కాదు. గంగాళంలో ఐసు పోసి దాంట్లో మజ్జిగ గిన్నె పెట్టండి, బయటి చల్లదనం చాలు.

తిండికి చింతపండు పులిహోర నిలుస్తాది. కొబ్బరి చట్నీ, క్రీము కేకు, పనీరు, ఈ ఎండకు వద్దే వద్దు. ఉడకబెట్టిన గుడ్డు గంటలోపల తినేయాల. పుచ్చకాయ ఐదు కిలోలదైతే తొక్క పోను మూడు కిలోలు, ఇరవై ముక్కలొస్తాయి, కాబట్టి పదహారు కాయలు తీసుకోండి. కోసి పెట్టుకోవద్దు. పంచేటప్పుడే కొయ్యాల, కత్తి, పలక కడిగినవై ఉండాల. వీడ్కోలు రోజు పానకం కూడా బాగుంటాది, లీటరుకు వంద గ్రాముల బెల్లం, మిరియాలు, యాలకులు.

నర్సు_చిత్తూరు
పానకం దాహానికి సరే, విరేచనాలకూ వాంతులకూ కాదు. అప్పుడు ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకు, చిన్నది 200 మి.లీ.కి. బళ్లలో జరిగే తప్పు ఒకటే: పెద్ద ప్యాకెట్టును అరలీటరు బాటిల్లో పోసేస్తారు. ఉప్పు ఎక్కువై వాంతి అవుతాది, దాంతో ఓఆర్ఎస్ పడలేదంటారు. ప్యాకెట్టు లేకుంటే లీటరుకు తలకొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. కలిపినది 24 గంటల్లో వాడాల. టెట్రా ప్యాకెట్టు పండ్ల రసాలు ఓఆర్ఎస్ కాదు.

కళ్లు తిరిగి పడిపోతే నీడలో వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు అడుగు ఎత్తు లేపండి. చుట్టూ గుమిగూడనీకండి. రెండు నిమిషాల్లో తేరుకుంటారు, తేరుకున్నాకే నీళ్లు.

వడదెబ్బ వేరు. ఒళ్లు నిప్పులా కాలడం, మాట తడబడడం, ఎక్కడున్నదీ తెలియకపోవడం, ఫిట్సు. చెమట పడతా ఉంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, ఆటలాడి వచ్చినోళ్లకు వడదెబ్బలో కూడా చెమట ఉంటాది. 108కి ఫోను చేసి, బండి వచ్చేదాకా ఊరికే కూర్చోకుండా బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లు పోస్తానే ఉండండి, ఫ్యాను తిప్పండి, మెడ, చంకలు, గజ్జల్లో ఐసు. స్పృహ సరిగా లేనోళ్ల నోట్లో నీళ్లు పోయద్దు. పారాసిటమాల్ ఈ వేడికి పనిచెయ్యదు.

ముక్కులో నుంచి రక్తం వస్తే తల వెనక్కి వంచేది మన వాళ్ల అలవాటు, రక్తమంతా గొంతులోకి పోతాది. ముందుకు వంగి కూర్చోబెట్టి, ముక్కు కింది మెత్తటి భాగం పది నిమిషాలు వదలకుండా పట్టుకోవాల. నిమిషానికొకసారి తీసి చూడద్దు.

రేణిగుంట_హెచ్ఎం
రేకుల షెడ్డుకు సున్నం కొట్టిస్తే ఏమైనా తగ్గుతాదా? ఎస్ఏ-2 అప్పుడు ఏడో తరగతి అందులోనే రాయాల.

సైన్సు_టీచరు_పాకాల
తగ్గుతాది, కానీ సున్నం కాంక్రీటు మిద్దెకు పట్టినట్టు రేకుకు పట్టదు, రెండు వారాల్లో పొట్టుపొట్టుగా లేస్తాది. ఇనుప రేకుకు తుప్పు గీకి తెల్ల రూఫ్ పెయింటు రెండు కోట్లు వేయించండి. తిరుమల మాడ వీధుల్లో భక్తుల కాళ్లు కాలకుండా వేసే తెల్ల కూల్ పెయింటు చూసుంటారు కదా, అదే సూత్రం, ఎండను తిప్పికొట్టడం. సిమెంటు రేకులైతే గీకద్దు, ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరుతాది. తడిపి గుడ్డతో తుడిచి వేయండి.

డబ్బుల్లేకపోతే రేకుకు అడుగు పైన ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టండి. రేకుకు ఆనించి పరిస్తే సగం లాభం పోతాది, మధ్యలో గాలి పారాల. ఒట్టి రేకుల కింద ఫ్యాను వేడి గాలినే కిందికి తోస్తాది. కూలరు పెట్టేటట్టయితే ఎదురు కిటికీలు తెరిచే ఉంచండి, మూసిన గదిలో అది ఆవిరి పట్టే యంత్రం.

నన్నడిగితే పరీక్షలకు షెడ్డు వాడకుండా వరండాలో ఏడో తరగతిని కూర్చోబెట్టడమే మేలు.

పదోతరగతి_నాన్న
పబ్లిక్ పరీక్షలు రాసేటోళ్లకు ఒక మాట. పరీక్ష 9:30 నుంచి 12:45. ఎండ సమస్య లోపల కాదు, బయటికొచ్చినాక. సెంటరు నుంచి బస్టాండుకు నడిచేసరికి ఒంటిగంట. సంచిలో టోపీ కానీ తువ్వాలు కానీ, బయట కాచుకునే పెద్దల దగ్గర రెండో నీళ్ల బాటిలు ఉండాల. సైకిళ్లు ఎండలో నిలబెడితే ప్యాచ్ వేసిన ట్యూబుల అతుకు వేడికి ఊడిపోతాది, నీడలో పెట్టమనండి.

పీఈటీ_చంద్రగిరి
గ్రూపు ఫోటో మరిచిపోయినాం. పొద్దున బిల్డింగుకు పడమటి పక్కన నీడ ఉంటాది, అక్కడ తీయండి. తూర్పు పక్క నిలబెడితే అందరూ కళ్లు చిట్లించే ఉంటారు. ఇనుప బెంచీలు రాత్రే నీడకు మార్పించండి.

రేణిగుంట_హెచ్ఎం
రాసుకున్నా. మా బిల్డింగుకు పడమటి పక్కనే టాయిలెట్లు ఉన్నాయి పీఈటీ గారూ.

పీఈటీ_చంద్రగిరి
అయితే వేపచెట్టు కింద తీయండి సార్. ఆకుల మధ్య నుంచి ఎండ మొహాల మీద చుక్కలు చుక్కలుగా పడతాది, పైన ఒక తెల్ల పంచె అడ్డం కట్టమని ఫోటోగ్రాఫరుకు చెప్పండి.