సాయం అవసరమైన గర్భిణులు మా దగ్గరికి రావడం లేదు, ఏం చేయాలి?

మా విచారణలో, అంటే మా కథోలిక చర్చి పరిధిలో, గర్భంలోని బిడ్డల ప్రాణం కాపాడేందుకు ప్రాణ గౌరవ బృందం పెట్టి ఏడు నెలలైంది. మార్చి 25న, మరియమ్మకు దేవదూత యేసు పుట్టుక గురించి చెప్పిన మంగళవార్త పండుగ రోజు మొదలుపెట్టి, క్రిస్మస్ వరకు గర్భంలోని ఒక బిడ్డ కోసం రోజూ ప్రార్థిస్తున్నాం. అది బాగానే సాగుతోంది.

ఇబ్బంది రెండో పనిలోనే. కష్టంలో ఉన్న గర్భిణికి డాక్టర్ ఖర్చు, బిడ్డ బట్టలు, తోడుగా ఒక మనిషి, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఇప్పటిదాకా ఒక్కరూ రాలేదు. మూడు ఆదివారాలు పూజ చివర ప్రకటించాం. నోటీసు బోర్డులో ఫోన్ నంబర్ పెట్టాం, ఒక్క కాల్ కూడా లేదు. పూజ అయ్యాక అరగంట గుడి ముందే టేబుల్ వేసి కూర్చున్నాం. అందరి కళ్ళముందు అక్కడికి ఎవరొస్తారు? అది మా పొరపాటే.

ఇంకొకటి కూడా అనిపిస్తోంది. 1995 నాటి విశ్వలేఖలో (పోపు గారు సభ అంతటికీ రాసే లేఖ) రెండవ జాన్ పాల్ పోపు గారు అబార్షన్ చేయించుకున్న స్త్రీలను నిరాశపడొద్దని, ఆశ వదులుకోవద్దని కోరారు. మా ప్రకటనల్లో పాపం గురించి ఉంది కానీ ఈ ఓదార్పు లేదు. వచ్చే ఆదివారం నుంచి మారుస్తున్నాం.

మీ విచారణలో ఇలాంటి స్త్రీ నలుగురి కంటా పడకుండా మొదటిసారి మీతో మాట్లాడగలిగింది ఏ దారిలో?