ఆక్రోపోరా మీద ఫ్లాట్‌వార్మ్‌లు: డిప్ చేసినా మళ్లీ వస్తున్నాయి

శ్రావణి, డల్లాస్
అందరికీ నమస్తే. మా 75 గ్యాలన్ల ఉప్పునీటి ట్యాంకులో రెండు ఆక్రోపోరాలు (కొమ్మల్లా పెరిగే కోరల్స్, అంటే పగడాలు) రంగు వెలిసిపోతున్నాయి. వాటి పాలిప్స్ (కోరల్ మీద పువ్వుల్లా విచ్చుకునే చిన్న జీవులు) బయటికి రావట్లేదు. కొమ్మల అడుగున, లైటు సరిగ్గా పడని వైపు గుండ్రటి తెల్ల మచ్చలు. నీళ్ల ఆల్కలినిటీ 8 dKH దగ్గర నిలకడగానే ఉంది. బాస్టర్‌తో (రబ్బరు బుడగ ఉన్న గొట్టం) గట్టిగా నీళ్లు కొడితే సెంటీమీటరు కూడా లేని పల్చటివి ఏవో ఊడిపడ్డాయి. తెల్ల గిన్నెలో వేసి చూస్తే పురుగులు! అయోడిన్ డిప్ చేస్తే, అంటే కోరల్‌ని ఆ మందు కలిపిన నీళ్లలో కాసేపు ముంచితే, రాలిపోయాయి గానీ కొన్ని వారాలకే మళ్లీ అవే మచ్చలు. అందులో నీలం ఆక్రోపోరాని చిన్న ముక్క (ఫ్రాగ్) నుంచి పెంచుకున్నాను, పోతుందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. షాపులో సిక్స్‌లైన్ రాస్ అనే చేపని వేస్తే చాలన్నారు. నిజమేనా?

రమణ రీఫ్
శ్రావణి గారూ, మీ డిప్‌లో లోపమేం లేదు. డిప్‌తో పురుగులు పోతాయి, గుడ్లు పోవు. రాస్ కూడా కళ్లబడ్డ పురుగుల్ని తింటుందేమో గానీ గుడ్ల సంగతి తేల్చదు. పైగా సిక్స్‌లైన్ పెద్దదయ్యాక కొత్తగా వేసిన చేపల్ని బతకనివ్వదు.

కోరల్‌ని తిప్పి, టార్చ్ వేసి అడుగు చూడండి. టిష్యూ పోయి తెల్లగా బయటపడిన చోట, బతికున్న టిష్యూ అంచునే గసగసాల కన్నా చిన్న గోధుమ రంగు గుడ్లు గుంపుగా అతుక్కుని ఉంటాయి. ఆ ముక్క కోసి పారేయండి. కోరల్ అంటించి ఉన్న చిన్న దిమ్మ (ప్లగ్) కూడా పారేసి కొత్తదానికి అంటించండి. కోయడానికి వీల్లేని చోట బ్రష్‌తో గీకి, పైన సూపర్‌గ్లూ జెల్ పూయండి.

తర్వాత ఆక్రోలన్నీ వేరే ట్యాంకులోకి మార్చండి, ఒక్కటి కూడా మిగలకూడదు. ఈ పురుగుకి ఆక్రోపోరా తప్ప వేరే తిండి లేదు, మెయిన్ ట్యాంకులో ఉన్నవి ఆకలికే పోతాయి. బయట పెట్టినవాటికి వారానికోసారి డిప్, కనీసం ఆరు వారాలు. పొదిగిన పిల్ల పెద్దదై మళ్లీ గుడ్లు పెట్టేలోపు దాని మీద డిప్ పడాలి. నీళ్లు చల్లబరచమని ఎవరైనా చెబితే వినకండి. చల్లదనానికి గుడ్లు చావవు, ఆలస్యంగా పొదుగుతాయి, అప్పుడు ఆరు వారాలు చాలవు.

గుంటూరు అబ్బాయి
డిప్‌కి ఇక్కడ చాలామంది గార్డెన్ పురుగుమందు వాడతారు అక్కా. అందులో ఉండేది ఇమిడాక్లోప్రిడ్. మా ఊళ్లో పత్తికి పచ్చదోమ మీద కొట్టే కాన్ఫిడార్‌లోనూ అదే. వాడితే గ్లవ్స్ తప్పనిసరి. కొమ్మల మధ్య చిన్న పీతలుంటే ముందే తీసేయండి, లేకపోతే చస్తాయి. డిప్ అయ్యాక వేరే ఉప్పునీళ్లలో రెండు మూడుసార్లు జాడించండి. ఆ మందు నీళ్లు ట్యాంకులో పడితే రొయ్యలు మిగలవు.

శ్రావణి, డల్లాస్
ఇప్పుడే చూశాను, నీలందాని ప్లగ్ అంచు కింద ఒక గుంపు ఉంది! రేపే బోన్ కట్టర్ తెస్తా. నా దగ్గరున్న వేరే రకం కోరల్స్, మాంటిపోరాలు కూడా తీయాలా?

రమణ రీఫ్
అక్కర్లేదమ్మా, ఈ పురుగు వాటి జోలికి పోదు. కోసేటప్పుడు గుడ్లకి కాస్త పైగా, ఆరోగ్యంగా ఉన్న చోట కోయండి.