ఐపీఏలో గోధుమ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కలపొచ్చా? భోగి రాత్రి అరుగు మీద తెమలని గొడవ

పాలకొల్లు కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు, ఎనిమిదేళ్లుగా డల్లాస్‌లో ఉంటున్నా, గరాజ్‌లో బీరు చేసుకోవడం నాకున్న పిచ్చి. ముందే చెప్తున్నా, అమెరికాలో 1978లో చట్టం మార్చాక ఇంటి అవసరానికి చేసుకోవచ్చు, ఇద్దరు పెద్దోళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా. మన దగ్గర లైసెన్స్ లేకుండా అది నేరం, కాబట్టి ఇది చదివి ఇక్కడెవరూ మొదలెట్టకండి.

సంక్రాంతికి ఇంటికొచ్చా. భోగి రాత్రి మా రాజోలు బాబాయ్ గారితో మొదలైన గొడవ కనుమ దాటినా తెమల్లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఐపీఏకి, అంటే ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరుకి, మొత్తం బార్లీ ఎక్స్‌ట్రాక్టే వాడాలా, కొంత గోధుమది కలపొచ్చా? నేను కలుపుతా. 19 లీటర్లకి 3 కేజీల పొడి ఎక్స్‌ట్రాక్ట్, అందులో 2 కేజీలు లైట్ బార్లీ, 1 కేజీ గోధుమ, మొదటి గ్రావిటీ, అంటే పులియక ముందు నీళ్లతో పోలిస్తే ఉండే చిక్కదనం, 1.058 దగ్గర వస్తుంది. నురగ గ్లాసు అడుగు దాకా గోడలకి అంటుకునే దిగుతుంది, చేదు ఉంటుంది కానీ గొంతులో గీసుకోదు. బాబాయ్ గారేమో గోధుమ పడ్డాక దాన్ని ఐపీఏ అనకు అంటారు.

మాల్ట్ అంటే తెలీనోళ్లకి ఒక్క ముక్క. మన ఇళ్లలో రాగులు నానబెట్టి, మూటకట్టి మొలకెత్తించి, ఎండబెట్టి రాగి మాల్ట్ ఆడిస్తారు కదా, అదే పని బార్లీకీ గోధుమకీ చేసి, వేడి నీళ్లలో ఆ తీపంతా దింపి, నీళ్లు ఇగరగొట్టి పొడిగానో పాకంగానో అమ్మేదే ఎక్స్‌ట్రాక్ట్. గోధుమకి బార్లీలాగా పొట్టు ఉండదు, గింజతోనే చేద్దామంటే వడకట్టేటప్పుడు జిగురుపట్టి ఆగిపోతుంది, ఎక్స్‌ట్రాక్ట్‌లో ఆ తలనొప్పి లేదు. అందుకే నాలాంటోళ్లు గోధుమ దగ్గరికొచ్చేసరికి పొడి డబ్బానే తీసుకుంటారు.

రాజోలు బాబాయ్:
ఒరేయ్ అబ్బాయ్, అరుగు మీద నన్ను సగమే చెప్పనిచ్చావు, మిగతా సగం ఇక్కడ విను. నేను ఇరవై రెండేళ్లు లీడ్స్‌లో ఉన్నా, ఇంగ్లండ్‌లో ఇంటి బీరుకి లైసెన్స్ 1963లోనే తీసేశారు, మా వీధి ముసలాళ్ల దగ్గరే ఈ పని నేర్చుకున్నా. ఐపీఏ పేరులో ఇండియా ఎందుకుంది? ముందు లండన్‌లో హాడ్జ్‌సన్ బ్రూవరీ నుంచి, 1820ల నుంచి బర్టన్ ఊరి బ్రూవరీల నుంచి ఓడలెక్కి కలకత్తాకీ బొంబాయికీ మద్రాసుకీ వచ్చిన బీరది. మన ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టారు చూడు, ఆ రోజుల్లోనే మద్రాసు తీరంలో ఈ పీపాలు దిగుతున్నాయి. నెలల తరబడి ఓడలో ఊగి వచ్చేసరికి బీరుని పులియబెట్టే ఈస్ట్ తీపంతా తినేసేది, ఎండుగా, చేదుగా తేలేది. ఆ ఎండుతనమే దాని ప్రాణంరా.

ఇప్పుడు నీ డబ్బా సంగతికొద్దాం. ఎక్స్‌ట్రాక్ట్‌తో చేసిన బీరులో ఈస్ట్ తినలేని చక్కెరలు ఎక్కువ మిగిలిపోతుంటాయి, నా చేతిలోనే ఎన్నిసార్లు పులిసాక గ్రావిటీ 1.018 దగ్గర ఆగిపోయిందో లెక్కలేదు. ముందే బరువుగా ఉండే బీరుకి ఒళ్లు పెంచే గోధుమ కలపడమేంటి, నెయ్యి కారుతున్న పప్పులో మళ్లీ నెయ్యి పోసినట్టు. ఆ కేజీ తీసేసి, దాని బదులు 750 గ్రాముల లైట్ బార్లీ, 250 గ్రాముల మామూలు పంచదార వేసి చూడు. పంచదార మొత్తం పులిసిపోతుంది, ఏమీ మిగల్చదు, బీరు పల్చబడి, చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూల వాసన పైకి తేలుతుంది. పంచదార అంటే చాలామంది ముఖం చిట్లిస్తారు, చిట్లించనీ, ఎక్స్‌ట్రాక్ట్ వాడేవాడికి అంతకంటే మంచి మందు లేదు.

రావులపాలెం:
నేను గోధుమ బీరు బెంగళూరులో ఒకసారి తాగానండి, మొత్తం అరటిపండు వాసన, దాని వెనకాల లవంగం. మా ఊరి అరటి మార్కెట్లో గెలల మధ్య నిలబడి తాగినట్టుంది. చేదు బీరులో ఆ వాసనెందుకండీ, నేను బాబాయ్ గారి వైపే.

కాకినాడ అక్క:
రావులపాలెం తమ్ముడూ, నువ్వు పట్టుకున్న అరటి వాసన గోధుమది కాదు, ఈస్ట్‌ది. జర్మన్ గోధుమ బీరుకి వేరే ఈస్ట్ వాడతారు, అది పులిసేటప్పుడు ఐసోఅమైల్ అసిటేట్ తయారుచేస్తుంది, పండిన అరటిలో వాసనకి కారణం కూడా అదే పదార్థం. లవంగం ఘాటు కూడా ఆ ఈస్ట్ పనే. అదే గోధుమ మాల్ట్‌కి ఐపీఏలో వాడే మామూలు అమెరికన్ ఏల్ ఈస్ట్ వేసి చల్లగా పులియబెడితే అరటీ ఉండదు లవంగమూ ఉండదు, కొంచెం రొట్టె వాసన, అంతే. ఈ ఒక్క పొరపాటు వల్ల గోధుమకి చాలా అన్యాయం జరుగుతోంది.

బాబాయ్ గారూ, మీ మాటలో నిజముంది కానీ డబ్బా మీద చిన్న అక్షరాలు కూడా చూడాలి కదండీ. గోధుమ ఎక్స్‌ట్రాక్ట్ అని అమ్మేది సాధారణంగా మొత్తం గోధుమ కాదు, బార్లీ కలిపిందే. బ్రీస్ వాళ్లదైతే 65 శాతం గోధుమ 35 శాతం బార్లీ, మంటన్స్ వాళ్లది 55కి 45. అంటే అబ్బాయి వేసింది బ్రీస్‌దే అనుకున్నా ఆ కేజీలో అసలు గోధుమ 650 గ్రాములు, మొత్తం 3 కేజీల మీద 22 శాతం లోపే. జర్మనీలో వైజన్, అంటే గోధుమ బీరు, అనాలంటే కనీసం సగం గోధుమ ఉండాలి, ఇది దాని దరిదాపుల్లో కూడా లేదు.

ఇంకోటి, మీ ఇంగ్లండ్‌లో బిట్టర్ అనే బీర్లలోనే టారిఫైడ్ గోధుమ వేస్తారుగా, మన పేలాల్లా వేడికి ఉబ్బించిన గోధుమ, నురగ నిలవడానికేగా అది? మీ ముసలాళ్లు మీకు చెప్పే ఉంటారు.

రాజోలు బాబాయ్:
చెప్పారమ్మా, ఒప్పుకుంటున్నా. కానీ అది నూటికి అయిదు, 3 కేజీలకి 150 గ్రాములు. నురగ కోసం చిటికెడు వెయ్యడం వేరు, మొత్తంలో మూడో వంతు గుమ్మరించడం వేరు. కూరలో ఇంగువ మంచిదే, పిడికెడు వేస్తామా?

భీమవరం చెరువులు:
మధ్యలో వస్తున్నా ఏమనుకోకండి, నాకు బీరు చెయ్యడం తెలీదు, నీళ్ల గురించి తెలుసు, రొయ్యల చెరువులు మావి. బర్టన్ ఊరి నీళ్లలో జిప్సం ఎక్కువని, అందుకే అక్కడి బీరు చేదు పదునుగా ఉండేదని విన్నా. ఆ పదును కావాలంటే గోధుమా పంచదారా అని కొట్టుకోవడమెందుకు, చవుడు నేలకి వేసినట్టు జిప్సం వేస్తే సరిపోదా?

పాలకొల్లు కుర్రోడు:
మంచి మాటన్నారు చెరువులు గారూ, సల్ఫేట్ ఉంటే చేదు ఎండుగా తెగుతుంది, నిజమే. కాకపోతే పొలం జిప్సం కాదండోయ్, తినే రకం వేరే ఉంటుంది. ఎక్స్‌ట్రాక్ట్‌తో ఇంకో చిక్కు, ఫ్యాక్టరీలో వాడిన నీళ్లలోని ఖనిజాలు ఆ పొడిలోనే ఉండిపోతాయి, మళ్లీ ఉప్పు బోరు నీళ్లతో కలిపితే రెట్టింపు. నేను ఆర్‌ఓ నీళ్లే పోసి, 19 లీటర్లకి ఒక చెంచా లోపు జిప్సం వేస్తా.

బాబాయ్ గారూ, ఇప్పుడు మీకు. ఊరికే వాదించడం కాదు, పోయిన నవంబర్లో ఒకేరోజు రెండు బకెట్లు పెట్టా. ఒకటి 3 కేజీలూ లైట్ బార్లీ, రెండోది 2 కేజీల బార్లీ 1 కేజీ గోధుమ. ఒకే ఈస్ట్, అవే హాప్స్, కాస్కేడ్ సెంటెన్నియల్, రెండూ 19 డిగ్రీల దగ్గరే. ఎక్స్‌ట్రాక్ట్ సగం మాత్రం మరుగు చివర్లోనే వేశా, మొదట్నుంచీ మరిగిస్తే బెల్లం పాకంలా రంగు ముదురుతుంది. మీరు భయపడ్డట్టు గోధుమది బరువుగా ఆగిపోలేదు, బార్లీది 1.014, గోధుమది 1.015. నురగలో తేడా మాత్రం కళ్లకి కనపడింది, బార్లీది నాలుగు గుక్కలకే పోయింది, గోధుమది చివరిదాకా ఉంది. ఫ్రిజ్‌లో పెడితే గోధుమది మసకగా కూడా అయ్యింది. తర్వాత ఆరుగురికి చెప్పకుండా మూడేసి గ్లాసులిచ్చా, రెండు ఒకటే, ఒకటి వేరేది, నలుగురు వేరేదాన్ని సరిగ్గా పట్టుకున్నారు. పట్టుకున్న నలుగురిలో ముగ్గురు గోధుమదే బాగుందన్నారు.

కాకినాడ అక్క:
నీ వైపు మాట్లాడాను కదా అని ఇది వదలను తమ్ముడూ. కళ్లు మూసుకుని చెప్పినా ఆరుగురిలో ఇద్దరికి సరిపోతుంది. నలుగురు పట్టుకోవడం ఊరికే అదృష్టంతో కూడా పదిసార్లలో ఒకసారి జరుగుతుంది. అయిదుగురు పట్టుకుంటే అప్పుడు గట్టిగా నమ్మొచ్చు. ఇంకో సంగతి, మసక కళ్లకి కనపడితే రుచి చూడకుండానే చెప్పేస్తారు, రంగు గ్లాసుల్లో ఇచ్చావా? ఆ మసక ఎక్కణ్నుంచి అంటే గోధుమ ప్రోటీను హాప్స్‌లోని పాలీఫినాల్స్‌ని పట్టుకోవడం వల్ల, చల్లబడితే ఎక్కువ. ఈ మసకే కావాలనేవాళ్లు ఇప్పుడు బోలెడు, పోటీల జడ్జీల బీజేసీపీ పుస్తకంలో 2021 నుంచి హేజీ, అంటే మసక, ఐపీఏకి సొంత వరసే ఉంది, ఓట్సు గోధుమ అందులో మామూలే. కాబట్టి ఐపీఏ అనొద్దు అనే మాట చెల్లదు, నిగనిగలాడే పాత ఐపీఏ కావాలంటే మాత్రం బాబాయ్ గారి దారే దారి.

పాలకొల్లు కుర్రోడు:
మామూలు గ్లాసులే అక్కా, ఆ తప్పు నాదే. ఈసారి స్టీలు గ్లాసుల్లో ఇస్తా.

రావులపాలెం:
అక్కా, అరటి ఈస్ట్‌దని ఇన్నాళ్లూ తెలీదు. అయితే నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా. కానీ మా బావ కూడా అక్కడే చేస్తాడు, గోధుమ పాకం డబ్బా వాడితే ఏదో పాత ఖర్జూరం రుచి వచ్చిందని మానేశాడు, అదేంటి మరి?

పాలకొల్లు కుర్రోడు:
అది వయసు. పాకం డబ్బా వేడిలో ఉంటే రంగు ముదిరి ఆ రుచి వస్తుంది, బార్లీదైనా అంతే. డల్లాస్ గరాజ్ జులైలో మన రాజమండ్రి మే నెల కంటే తక్కువేం కాదు. మీ బావని పొడి వాడమనండి, గాలి తగలకుండా, మన ఉప్పులా గడ్డకట్టకుండా దాచమనండి.

రాజోలు బాబాయ్:
1.015 అన్నావు చూడు, అది నన్ను కదిపింది, నేను 1.020 అనుకున్నా. అయినా పంచదార బకెట్ లేకుండా నువ్వు తీర్పు చెప్పేస్తే ఎలా. మూడు పెట్టు. ఒకటి ఉత్త బార్లీ, ఒకటి నీ కేజీ గోధుమ, ఒకటి 150 గ్రాముల గోధుమ పొడి, 250 పంచదార, మిగతా బార్లీ. మూడోదాంట్లో నురగ నిలిస్తే నీ కేజీ అక్కర్లేనట్టే కదా. పన్నెండుమందిని పిలువు, ఆరుగురు కాదు.

పాలకొల్లు కుర్రోడు:
పెడతా బాబాయ్ గారూ, ఫిబ్రవరి మొదటి ఆదివారం. హాప్స్ అవే వాడాలా, సిట్రాకి మారనా?

రాజోలు బాబాయ్:
అవే. ఒక్కటి కూడా మార్చకు.