స్లీవ్ ఆపరేషన్ అయి ఏడో నెల, బరువు 87 దగ్గరే ఆగిపోయింది. మీకూ ఇలగే అయిందా?

గోపాలపట్నం టైలరమ్మ:

అందరికీ నమస్తే. నాకు 43 ఏళ్ళు. గోపాలపట్నంలో ఇంటి కింద గదిలోనే జాకెట్లు కుడతాను. ఈ ఏడు సింహాచలం చందనోత్సవం అయ్యాక స్లీవ్ ఆపరేషన్, అదే బరువు తగ్గడానికి పొట్టని కోసి సన్నగా చేసేది, చేయించుకున్నాను. ఆ రోజుకి 109 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. షుగరు ఉంది, థైరాయిడ్ ఉంది. ఇప్పుడు 87.

మొదట్లో బాగానే తగ్గాను. వినాయక చవితికి 93, దసరాకి 89. కార్తీకంలో 87కి వచ్చాక ఇక కదలడం లేదు. ఒకరోజు 86.6 చూపిస్తుంది, మర్నాడు 87.4. మార్గశిరం వచ్చేసింది, ఆ అంకె మాత్రం అక్కడే కూర్చుంది.

నాతో పాటు అదే రోజు ఆపరేషన్ అయిన తమ్ముడొకడు ఉన్నాడు, అనకాపల్లి వైపు. 148తో వచ్చాడు, ఇప్పుడు 107. వారం వారం మా వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతాడు, పాత ప్యాంటులో రెండు కాళ్ళూ ఒకే గొట్టంలో దూర్చి. మంచి పిల్లాడే, వాడి మీద నాకు కోపం లేదు. కానీ ఆ ఫొటో వచ్చిన రోజు నాకు పని సాగదు.

ఆపరేషన్ డబ్బు చీటీ ఎత్తి కట్టాం, మందులూ అన్నీ కలిపి 3,60,000 దాకా అయింది. మా అత్త చదువుకోలేదు గానీ లెక్కలో దిట్ట. మొన్న భోజనాల దగ్గర, "ఇరవై రెండు కేజీలకి మూడు లక్షల అరవై వేలంటే కేజీ పదహారు వేల పైమాటే కదే! హార్బరులో కోనాం చేప కూడా అంత రేటు లేదు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏటి చెయ్యమంటారు మరి.

షాపుకొచ్చేవాళ్ళ సంగతి వేరు. నేను ఎవరికి కొలత తీసినా ఆ అంకె పైకి చదవను. మిగతావాళ్ళు కూర్చుని ఉంటారు కదా, నడుము 44 అని అరిస్తే ఆ మనిషికి ఎలా ఉంటుంది? టేపు చూసుకుని పుస్తకంలో రాసేసుకుంటాను. మా దుకాణానికి మళ్ళీ మళ్ళీ రావడానికి సగం కారణం అదే అనుకుంటాను. అలాంటిది నా బరువు మాత్రం ఊరందరి నోట్లోనూ ఉంది. "ఆపరేషన్ చేయించుకున్నావంట, ఇప్పుడెంత?" అని గుమ్మంలోంచే అడుగుతారు. చెప్తే, "అంతేనా?" అంటారు.

టేపు మాత్రం తగ్గుతోంది. నడుము 46 ఉండేది, 40కి వచ్చింది. నా జాకెట్లు ఇప్పటికే రెండుసార్లు లోపలికి పట్టాను, కార్తీకం తర్వాత కూడా చేతుల దగ్గర కొంచెం పట్టాల్సొచ్చింది. షుగరు కూడా బాగా దిగింది, రెండు రకాల మాత్రల్లో ఒకటి డాక్టరుగారు తీసేశారు. ఇవన్నీ మంచివేనని నాకూ తెలుసు. అయినా పొద్దున్నే బరువు మిషన్ ఎక్కి దిగాక రోజంతా అదే మనసులో ఉంటుంది.

తిండి: పొద్దున ఐదింటికి థైరాయిడ్ మాత్ర, ఆరు దాటాక టీ. తర్వాత చిన్న గ్లాసు చోడి అంబలి లేదా ఒక ఇడ్లీ. మధ్యాహ్నం నాలుగు చెంచాల అన్నం, పప్పు, కాస్త పెరుగు. సాయంత్రం టీ, రెండు రస్కులు. రాత్రి సగం చపాతీ కూరతో. గుడ్డు, చేప తినేదాన్ని, కానీ కనకమహాలక్ష్మి అమ్మవారి నెల కదా, మార్గశిరం అంతా మా ఇంట్లో నీచు ఉండదు. ప్రొటీన్ పొడి వాసనకే వాంతి వస్తోంది, మానేశాను. పొద్దున నడిచేదాన్ని, సంక్రాంతి కుట్టుపని మొదలయ్యాక అది సాగడం లేదు.

ఇంత తక్కువ తింటూ తగ్గకపోవడం ఎలా కుదురుతుంది? నా ఆపరేషన్ ఫెయిలయినట్టా?

బీచ్ రోడ్ వాకర్:

సిస్టర్, సింపుల్. రోజూ తెల్లారుజామున ఆర్కే బీచ్‌కి వచ్చి గంట నడవండి. రైస్ పూర్తిగా మానండి. మనసుంటే మార్గం ఉంటుంది. నేను ఏ ఆపరేషనూ లేకుండా 9 కేజీలు తగ్గాను.

ఉక్కునగరం అక్క:

పైన బాబుగారూ, ఆవిడ గోపాలపట్నంలో ఉంది. బండి మీద బీచ్‌కి వచ్చి, నడిచి, వెళ్ళి, పిల్లల క్యారేజీలు కట్టి కుట్టుమిషన్ మీద కూర్చోవాలంటే ఎన్నింటికి లేవాలో ఒకసారి ఆలోచించండి. నాలుగు చెంచాల అన్నంలో ఏం మానుతుంది?

చెల్లీ, నాకు స్లీవ్ అయి మూడేళ్ళు దాటింది, వయసు 51 నడుస్తోంది. నాకూ షుగరు ఉండేది. నేను 91 దగ్గర దాదాపు రెండు నెలలు ఆగిపోయాను. తర్వాత ఏదో పండగ చేసినట్టు ఒకే వారంలో కిలోన్నర దిగింది. ఇలా మెట్టు మెట్టుగా దిగడం మామూలే. స్లీవ్‌లో వేగంగా తగ్గేది మొదటి ఆరు నెలలే, ఆ తర్వాత నెమ్మదిగా ఏడాది, ఏడాదిన్నర దాకా తగ్గుతూనే ఉంటాం. ఏడో నెలలో ఫెయిలన్న మాట ఎవరన్నా నమ్మకు.

ఆ తమ్ముడి లెక్క ఒకసారి నాతో పాటు వెయ్యి. 148లో 41 తగ్గాడు, అంటే తన బరువులో వందకి 28. నువ్వు 109లో 22, వందకి 20. తేడా ఉంది, లేదనను. కానీ 41, 22 అని పక్కపక్కన పెట్టుకుని నువ్వు ఏడుస్తున్నంత తేడా లేదు. పైగా వాడు మగాడు, కుర్రాడు, కండ ఎక్కువ. ఎక్కువ బరువుతో మొదలుపెట్టినవాళ్ళకి కేజీలు ఎక్కువే పోతాయి. షుగరు ఉన్నవాళ్ళు లేనివాళ్ళ కంటే కొంచెం తక్కువ తగ్గుతారని మా సర్జన్ ఆపరేషన్‌కి ముందే చెప్పారు. ఆ గ్రూపు మ్యూట్ చేసెయ్. వాడితో మాట్లాడాలనిపిస్తే ఫోన్ చెయ్.

ఇక తిట్టాల్సింది తిడతాను. ఆ రస్కులు! టీలో ముంచిన రస్కు మన పొట్టలో ఆగదమ్మా, మెత్తగా జారిపోతుంది. కోడికూర మూడు ముక్కలు తింటే గొంతు దాకా నిండినట్టుంటుంది, అదే జంతికలు కబుర్లు చెప్పుకుంటూ గిన్నెడు లాగించెయ్యొచ్చు. మసాలా మురీ, మిక్చరు, బిస్కెట్లు, ఐస్‌క్రీము, అన్నీ ఆ బాపతే. సన్నగా చేసిన పొట్ట గట్టి తిండినే ఆపగలదు, జారేదాన్ని ఆపలేదు. నాకు రెండో ఏట ఐదు కేజీలు తిరిగొచ్చింది ఈ దారినే, అదీ క్వార్టర్స్‌లో సాయంత్రం కబుర్ల దగ్గర.

మీ అత్తగారితో చెప్పు, చేప రేటు లెక్కలో తగ్గిన షుగరు మాత్ర రాదని. లేదంటే ఏమీ చెప్పకు, నవ్వేసి ఊరుకో. మా ఇంట్లోనూ అలాంటి లెక్కల మనిషి ఉండేది, పెళ్ళికి నా పాత పట్టుచీర జాకెట్టు పట్టిన రోజు ఆవిడే పదిమందికి చూపించుకుంది.

గోపాలపట్నం టైలరమ్మ:

అక్కా, వందకి ఎంత అని నేను ఎప్పుడూ వెయ్యలేదు, జాకెట్టు లెక్కలు తప్ప వేరే లెక్కలు నాకు రావు. చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను.

రస్కులు మానేస్తానని ఇక్కడ రాయను, సాయంత్రం ఆరింటికి కళ్ళు తిరుగుతాయి, అప్పుడే జనం కూడా వస్తారు. దాని బదులు ఏటి తినాలో చెప్తే అది తింటాను. ఇంకోటి, రాత్రి పడుకునేముందు కాల్షియం మాత్ర వేసుకుంటాను, జుట్టు మాత్రం దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. నీళ్ళు లీటరు కూడా తాగలేకపోతున్నాను, పనిలో గుర్తుండదు.

డైటు కౌన్సెలరు, సీతమ్మధార:

నేను బేరియాట్రిక్ పేషెంట్లకి, అంటే బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్ళకి, తిండి గురించి చెప్పే పనిలోనే ఉన్నానండి. మీ రిపోర్టులు చూడలేదు కాబట్టి మందుల మాట మీ డాక్టరుగారితోనే. తిండి మాట మాత్రం నిర్మొహమాటంగా చెప్తాను.

మీరు తక్కువ తింటున్నారు, నిజమే. తింటున్నదాంట్లో మాంసకృత్తులు దాదాపు లేవు. అంబలిలో రెండు గ్రాములు, ఇడ్లీలో రెండు, ఆ కాస్త పప్పులో ఐదో ఆరో, పెరుగు, టీలో పాలు, సగం చపాతీ. అన్నీ కలిపినా పాతిక గ్రాములు దాటడం కష్టం. స్లీవ్ అయినవాళ్ళకి రోజుకి 60 నుంచి 80 గ్రాములు కావాలి. అది అందకపోతే శరీరం కొవ్వుతో పాటు కండనీ కరిగించుకుంటుంది. కండ తగ్గితే ఒంటికి ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. దానికి తోడు 109 కేజీల ఒంటిని మోయడానికి పట్టిన శక్తి 87 కేజీల ఒంటికి అక్కర్లేదు. తక్కువ తింటూ తగ్గకపోవడం ఎలా అని అడిగారు కదా, అందులో పెద్ద భాగం ఇదే. జుట్టు రాలడం బరువు వేగంగా తగ్గిన వాళ్ళకి మూడు నుంచి ఆరు నెలల మధ్య మామూలుగా వచ్చేదే, ప్రొటీన్, ఐరన్ తక్కువైతే ఇంకా ఎక్కువ రాలుతుంది.

మార్గశిరం మానమని నేను అనను. నీచు లేకుండా కూడా కుదురుతుంది. మీల్ మేకర్ ఎండువి 30 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు, నానబెట్టి పిండి కూరలో వేస్తే 15 గ్రాములు వస్తాయి. పనీర్ 100 గ్రాముల్లో దాదాపు 18. పెరుగుని గుడ్డలో కట్టి నీళ్ళు దిగనిస్తే గట్టి పెరుగు వస్తుంది, కొంచెం తిన్నా మామూలు పెరుగు కంటే ఎక్కువ అందుతుంది. సాయంత్రం ఆరింటికి రస్కు చోట ఉప్పూ మిరియాలూ చల్లి వేయించిన పనీర్ ముక్కలు నాలుగైదు పెట్టుకోండి, సూదీ దారం పక్కనే డబ్బాలో ఉంచుకోవచ్చు, చేతికి నూనె అంటకుండా పుల్లతో తినొచ్చు. పొడి వాసన పడకపోతే వాసన, రుచి లేని రకం దొరుకుతుంది, పెసరట్టు పిండిలోనో మజ్జిగలోనో కలిపేయండి. నెల గడిచాక గుడ్డు, కానాగంతలు, కోనాం మళ్ళీ మొదలుపెట్టండి. కంచంలో ఏది ఉన్నా ముందు ప్రొటీన్ ముక్క, తర్వాత కూర, చోటు మిగిలితే అన్నం. నీళ్ళు భోజనానికి అరగంట ముందే ఆపి, మళ్ళీ అరగంట తర్వాత మొదలుపెట్టాలి. సీసా మిషన్ బల్ల మీద కంటికి కనిపించేలా పెట్టుకుని గుక్క గుక్కగా తాగండి.

థైరాయిడ్ మాత్రకీ కాల్షియంకీ నాలుగు గంటల ఎడం ఉండాలి, మీకు అది సరిగ్గానే ఉంది. బరువు ఇంత మారాక డోసు సరిపోతోందో లేదో చూడాలి కాబట్టి టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ రక్తపరీక్ష, చేయించండి. దాంతో పాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బి12, విటమిన్ డి, మూడు నెలల షుగరు. సాయంత్రం కళ్ళు తిరుగుతున్నాయన్నారు, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అప్పుడు షుగరు ఎంత ఉందో గ్లూకోమీటరుతో చూసి రాసుకోండి, బీపీ కూడా. మీరు తింటున్నది తగ్గింది, మిగిలిన షుగరు మాత్ర డోసు కూడా తగ్గించాల్సి వస్తుందేమో, అది డాక్టరుగారు చెప్పాలి. ఆగకుండా వాంతులు, అరికాళ్ళల్లో తిమ్మిర్లు, నడకలో తూలడం ఉంటే అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా వెంటనే వెళ్ళండి.

మద్దిలపాలెం బాబ్జీ:

మౌంజారో ఇంజెక్షన్ వేయించుకోండి మేడమ్. మా బావమరిది వేయించుకుంటున్నాడు, దించేస్తోంది.

ఉక్కునగరం అక్క:

బాబ్జీ, ఆవిడకి ఇప్పటికే తిండి దిగడం లేదు, పాతిక గ్రాముల ప్రొటీన్ మీద బతుకుతోంది. ఆకలి చంపే ఇంజెక్షన్ ఇప్పుడెందుకు? ఆపరేషన్ తర్వాత సరిగా తగ్గనివాళ్ళకి, తిరిగి పెరిగినవాళ్ళకి డాక్టర్లు అలాంటివి రాస్తున్నారు, అది నిజమే. కానీ అది సర్జన్ చూసి చెప్పాల్సిన మాట, బావమరిదిని చూసి వేయించుకునేది కాదు. నెలనెలా దాని ఖర్చు ఎంతో కూడా చెప్పు మరి, ఆవిడ చీటీ ఇంకా కడుతోంది.

గోపాలపట్నం టైలరమ్మ:

డైటు మేడమ్‌గారికి చాలా థాంక్స్. నిన్న సాయంత్రం కళ్ళు తిరిగినప్పుడు గ్లూకోమీటరు పెట్టాను, 68 వచ్చింది. మీరు చెప్పకపోతే నీరసం అనుకుని వదిలేసేదాన్ని. రాత్రే డాక్టరుగారికి ఫోన్ చేశాం. మాత్ర సగం చెయ్యమన్నారు, సోమవారం రిపోర్టులతో రమ్మన్నారు.

మీల్ మేకర్ మా ఇంట్లో ఎవరూ తినరు, నేనే తెచ్చి వండాను. మా అత్త రుచి చూసి, "మాంసంలా ఉంది, ఈ నెల్లో ఇది తినొచ్చా?" అని పంతులుగార్ని అడగమంటోంది. బరువు మిషన్ మా ఆయన అటక మీద పెట్టేశారు, ఆదివారం ఒక్కరోజే దింపుతారట. నడక సంగతి ఒకటి అడగాలి. సంక్రాంతి దాకా నాకు బయటికెళ్ళే టైము దొరకదు. కూర్చున్న చోటే ఏమన్నా చెయ్యొచ్చా?

డైటు కౌన్సెలరు, సీతమ్మధార:

68 అంటే తక్కువేనండి, డాక్టరుగారిని కలిసేదాకా రెండుపూటలా చూసి రాయండి. 70 కన్నా దిగితే రస్కు కాదు, మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకి మళ్ళీ చూడండి.

కూర్చుని చేసేవి ఉన్నాయి. ఒక జాకెట్టు అయ్యాక కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. ఇది తొడ కండకి నడక కన్నా ఎక్కువ పని పెడుతుంది. లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల దాకా ఎత్తి దించండి. కళ్ళు తిరుగుతున్న రోజు మాత్రం వద్దు. మీల్ మేకర్ మొదటి వారం చాలా కొంచెమే తినండి, గ్యాసు పడుతుంది.

ఉక్కునగరం అక్క:

చెల్లీ, సంక్రాంతికి నావి రెండు జాకెట్లు ఉన్నాయి, పట్టువి. ఆది జాకెట్టు పంపితే కుడతావా, లేక నేనే కొలతకి రావాలా?

గోపాలపట్నం టైలరమ్మ:

ఆది జాకెట్టు వద్దక్కా, మీదీ మారి ఉంటుంది. గురువారం పూజ అయ్యాక రండి, మధ్యాహ్నం రెండింటికి షాపులో ఎవరూ ఉండరు.