అప్‌డేట్: బగాన్ అక్క జవాబిచ్చింది

2019 డిసెంబరులో మయన్మార్ వెళ్లినప్పుడు బగాన్‌లో నన్ను ఇంటి మనిషిలా చూసుకున్న అక్కకి ఇప్పుడు మెసేజ్ పెడితే ఆవిడకి ఇబ్బందా అని రెండు నెలల కింద మిమ్మల్ని అడిగాను. రాజకీయాలు ఎత్తకుండా క్షేమం మాత్రం అడగమన్నారు. అలాగే చేశాను.

పదకొండు రోజులు జవాబు లేదు. ఒకటే టెన్షన్. మొన్న ఆదివారం పొద్దున ఒక ఫోటో వచ్చింది: గంధం సానలాంటి గుండ్రటి రాయి, దాని మీద తడి తనకా చెక్క (అక్కడివాళ్లు అరగదీసి ముఖానికి పూసుకునే చెట్టు చెక్క). ఆ రాయి మీదే అరగదీసి నా బుగ్గలకి పూసింది ఆవిడ. కింద రెండే మాటలు: "బతికే ఉన్నాం."

తర్వాత కొద్దికొద్దిగా చెప్పింది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్నాక టూరిస్టులు లేరు, గుర్రపు బండి అమ్మేశారు. 2024లో నిర్బంధ సైనిక సేవ చట్టం అమల్లోకి తెచ్చాక కొడుకుని దేశం దాటించారు. 2025 మార్చి 28 భూకంపంలో మాండలేలో ఉన్న చెల్లెలి ఇల్లు కూలింది, మనిషి దక్కింది. ఆవిడ భద్రత కోసం ఇంతకంటే రాయను.

మా ముత్తాత శ్రీకాకుళం నుంచి రంగం (రంగూన్, ఇప్పటి యాంగోన్) వెళ్లి రేవులో మూటలు మోశాడు. 1942లో జపాన్ సైన్యం వస్తుంటే అడవుల్లో నడిచి ఇల్లు చేరాడు. ఆయన తిరిగిన ఊరు చూద్దామనే వెళ్లాను. వచ్చాక ఉద్యోగం మానేసి, నాయనమ్మ చెప్పే రంగం కబుర్లు రికార్డ్ చేయడం మొదలుపెట్టాను. ఆ ప్రయాణం నాకిచ్చింది అది.

నిన్న అక్క తన కొడుకు నంబరు పంపింది. ఈ రాత్రికి ఫోన్ చేస్తాను.